పిల్లికూతలన్నీ ఉబ్బసం కాదు

(వార్షిక సభలో ఆరోగ్యం గురించి జరిగిన కార్యక్రమంలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్నది. మాట్లాడిన తీరు చాలావరకు అలాగే ఉంచాం.)

వారానికి దొరికేది ఒక్క శుక్రవారం. ఆ ఒక్కరోజులోనే బట్టలు ఉతుక్కోవాలి, ఇంటికి ఫోన్ చేసుకోవాలి, వారానికి సరిపడా సామాన్లు తెచ్చుకోవాలి. అదంతా పక్కనపెట్టి ఇక్కడికి వచ్చి కూర్చున్నారు. కాబట్టి నేను ఎక్కువ సాగదీయను. వెనక బిర్యానీ వాసన కూడా మొదలైంది.

ముందే ఒక మాట. నేను డాక్టర్ని కాదు. ఆసుపత్రిలో ఊపిరి పరీక్ష చేసే టెక్నీషియన్ని. పదకొండేళ్ళుగా కువైట్‌లో నా పని ఒకటే. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కుకు క్లిప్పు పెట్టి, నోట్లో గొట్టం పెట్టి, "ఊదు, ఊదు, ఇంకా ఊదు, ఆపొద్దు" అని అరవడం. అరబ్బులకైతే "ఉన్ఫుఖ్, ఉన్ఫుఖ్" అని అరుస్తాను. సాయంత్రానికి పేషెంట్ల ఊపిరి కంటే నా గొంతే ముందు పోతుంది.

ఈ సంవత్సరం ఉబ్బసం గురించి, ఊపిరితిత్తుల క్యాన్సర్ గురించి మాట్లాడమని సంఘంవాళ్ళు అడిగారు. ఉబ్బసం ఉంటే క్యాన్సర్ వస్తుందా అని మనవాళ్ళు చాలామంది అడుగుతున్నారంట. జవాబు చెప్పేముందు నేను చూసిన ఇద్దరి సంగతి చెప్తాను. పేర్లు చెప్పను.

మొదటాయన నా రూమ్మేటే. జిలీబ్‌లో ఒకే రూములో నాలుగేళ్ళు ఉన్నాం. రాయచోటి దగ్గర పల్లె. నాకు చుట్టం కాకపోయినా మామా అనే పిలిచేవాణ్ణి, ఆయన నన్ను అల్లుడూ అనేవాడు. టైల్స్ మేస్త్రి. వయసు 47. ఇరవై ఏళ్ళు గ్రైండర్‌తో మార్బులు, గ్రానైటు, టైల్సు కోసిన చెయ్యి. రోజుకు ఒక ప్యాకెట్ సిగరెట్లు. ఒక చలికాలం దగ్గు మొదలైంది. రాత్రిపూట పడుకుంటే ఛాతీలో కుయ్ కుయ్‌మని పిల్లికూతలు. "ఒరే అల్లుడూ, నువ్వు ఆ పనిలోనే ఉండావు గదా, ఇదేందో చూడరా" అన్నాడు.

నేనేం చేశాను? వీపుకు చెవి ఆనించి విన్నాను. విని, "దుమ్ము పడడంలేదు మామా, ఉబ్బసం మొదలైనట్టుంది" అని చెప్పి, నా దగ్గరున్న నీలం పంపు ఒకటి ఇచ్చాను. పీల్చినాక "కొంచెం నెమ్మదించింది రా" అన్నాడు. అంతే, ఇద్దరం నమ్మేశాం. పంపు అయిపోతే ఇంకొకటి కొనుక్కునేవాడు. ఏడు నెలలు గడిచినాయి. బెల్టుకు రెండు కొత్త బెజ్జాలు పొడుచుకున్నాడు, అది కూడా వేసవి ఎండకు చిక్కిపోయినాడులే అనుకున్నాం. ఒకరోజు పొద్దున వాష్‌బేసిన్‌లో తెమడతోపాటు ఎర్రగా చార కనబడింది. అప్పుడు లాక్కుని పోయాను.

నా కుర్చీలోనే కూర్చోబెట్టి నేనే ఊదించాను. తర్వాత పంపు మందు ఇచ్చి, పదిహేను నిమిషాలు ఆగి, మళ్ళీ ఊదించాను. ఉబ్బసమైతే ఆ మందు పడగానే ఊపిరి బాగా పెరగాలి. లెక్కకు 12 శాతం, 200 మిల్లీలీటర్లు దాటి పెరిగితే ఉబ్బసం అనడానికి గట్టి ఆధారం. మామకు మొదటి గీత, రెండో గీత ఒకదానిమీద ఒకటి పడ్డాయి. ఏమీ తేడా లేదు. డాక్టరమ్మ స్టెతస్కోపు పెట్టి, కూత కుడిపక్కనే ఒకచోట వస్తోంది, ఎడమపక్క నిమ్మళంగా ఉంది అంది. అరగంటలో ఎక్స్‌రే వచ్చింది. కుడిపక్క నిమ్మకాయంత తెల్లటి గడ్డ.

ఊరికి పంపించాం. తిరుపతిలో చూపించుకున్నాడు. ఆ సంక్రాంతి చూశాడు, ఉగాది చూడలేదు. ముందే పట్టుకొని ఉంటే ఖాయంగా బతికేవాడని నేను చెప్పలేను. కానీ ఆ ఏడు నెలలు నేను చెప్పిన మాటమీద పోయినాయి. పక్కమంచంలో పడుకునేవాణ్ణి, పొద్దున లేస్తే అదే పరీక్ష ఊరందరికీ చేసేవాణ్ణి. ఈ మాట ఇంతమందిలో ఇంతకుముందు చెప్పలేదు.

రెండో ఆమె కోనసీమ అక్క. అరబ్బు ఇంట్లో పని. చిన్నప్పటినుంచీ ఉబ్బసం ఉంది. ప్రతి సంవత్సరం మృగశిర కార్తెకు వాళ్ళ నాన్న హైదరాబాద్ నాంపల్లికి తీసుకెళ్ళి చేపమందు వేయించేవాడంట. కువైట్ వచ్చాక డాక్టరు రాసిన రెండు పంపులు వాడుకుంటూ బాగానే ఉంది. ఒకరోజు ఫోన్‌లో ఎవరో పంపిన వీడియో చూసింది. ఉబ్బసం ముదిరితే క్యాన్సర్ అవుతుంది, పీల్చే మందులో స్టెరాయిడ్ ఉంటుంది, అది ఇంకా ప్రమాదం అని అందులో ఉంది. భయపడి, పొద్దున సాయంత్రం పీల్చే గోధుమరంగు పంపు చెత్తబుట్టలో పడేసింది. మూడు వారాలకు ఆ ఇంట్లో ఏదో విందు. ఇల్లంతా బుఖూర్ పొగ. దానికి తోడు బాత్రూంలో తొందరగా తెల్లబడుతుందని క్లోరాక్సు, యాసిడ్డు కలిపి పోసింది. క్లోరాక్సులో యాసిడ్ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, మంచి ఊపిరితిత్తులు ఉన్నవాళ్ళకే ఉక్కిరిబిక్కిరి అవుతుంది. అంబులెన్సులో తెచ్చేసరికి పెదాలు నీలమైనాయి. ఆ ఇంటి మేడం మంచిది, రాత్రంతా పక్కనే కూర్చుంది. తెల్లారి మాట వచ్చాక ఆ అక్క నాతో అన్న మొదటి మాట, "తమ్ముడూ, నాకు క్యాన్సర్ వత్తే పిల్లల గతేంటి అని మానేశాను".

మామకు ఉన్నది క్యాన్సర్, మేం ఉబ్బసం అనుకున్నాం. అక్కకు ఉన్నది ఉబ్బసం, తను క్యాన్సర్ అనుకుంది. నేను చెప్పదలుచుకున్నదంతా ఈ రెండింటి మధ్యలో ఉంది.

మన కడప జిల్లావాళ్ళకు డ్రిప్పు పైపు తెలుసు. అరటితోటలో పైపు ఎక్కడో నొక్కుకుపోయిందనుకోండి, సన్నగా కూత వస్తుంది. కాలు తీస్తే మళ్ళీ నీళ్ళు ధారాళంగా పోతాయి. ఉబ్బసం అలాంటిది. ఊపిరి గొట్టాల చుట్టూ ఉన్న కండ బిగుసుకుంటుంది, లోపలి పొర వాస్తుంది, తెమడ చేరుతుంది. మందు పడితే బిగువు వదులుతుంది, వాపు తగ్గుతుంది. క్యాన్సర్ అలా కాదు. పైపు లోపలే ఒక గడ్డ పెరగడం మొదలుపెడుతుంది, ఆపే దిక్కు లేకుండా పెరుగుతూ పోతుంది. కానీ కూత మాత్రం రెండింటిలోనూ ఒకేలా ఉంటుంది. పైపు సన్నబడిందని మాత్రమే కూత చెబుతుంది, ఎందుకు సన్నబడిందో చెప్పదు. నేను ఆ రాత్రి మామ వీపుకు చెవి ఆనించి చేసిన తప్పు అదే. ఆయనకు పంపుతో కొంచెం నెమ్మదించింది కదా అంటారా? ఇరవై ఏళ్ళు సిగరెట్ తాగినవాళ్ళకు గొట్టాలు మామూలుగానే కొంత బిగుసుకుని ఉంటాయి. ఆ కాస్త బిగువు వదిలితే హాయిగా అనిపిస్తుంది. గడ్డ మాత్రం అక్కడే ఉంటుంది.

సరే, ఉబ్బసం ఉన్నవాళ్ళకు క్యాన్సర్ ఎక్కువగా వస్తుందా? దీనిమీద పెద్ద పెద్ద లెక్కలు తీశారు. 2017లో 18 అధ్యయనాలు, కోటీ అరవై లక్షలకు పైగా జనం లెక్కలు ఒకచోట కలిపి చూస్తే, ఉబ్బసం ఉన్నవాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 44 శాతం ఎక్కువ కనబడింది. పొగ తాగనివాళ్ళను మాత్రమే తీసుకుంటే అది 28 శాతానికి తగ్గింది. వీడియోవాళ్ళు ఈ 44 శాతం దగ్గరే ఆపేస్తారు. 44 శాతం అనగానే నూటికి 44 మందికి క్యాన్సర్ వస్తుందని మన బుర్రలో పడిపోతుంది. అది కాదు దాని అర్థం. పది ఫిల్సుల వస్తువు పద్నాలుగు ఫిల్సులు అయిందనుకోండి, అది 44 శాతం లాంటిదే. మరి సిగరెట్ తాగితే ఎంత? తాగనివాడితో పోలిస్తే 15 నుంచి 30 రెట్లు. పది ఫిల్సులది మూడొందల ఫిల్సుల దాకా పోయినట్టు. పద్నాలుగు ఫిల్సుల గురించి నిద్రపోకుండా భయపడుతూ, మూడొందల ఫిల్సులది రోజుకు ఇరవైసార్లు నోట్లో పెట్టుకుంటున్నాం. నాకు కోపం వచ్చేది అక్కడే.

ఆ పద్నాలుగు ఫిల్సుల లెక్క కూడా అంతా ఉబ్బసం వల్లనే అని చెప్పడానికి లేదు. 2012లో చాలా దేశాల అధ్యయనాలు కలిపి చూసినవాళ్ళకు ఒక విషయం కనబడింది. ఎక్కువ ప్రమాదం కనబడింది ఎవరిలో అంటే, క్యాన్సర్ బయటపడడానికి కాస్త ముందే, రెండేళ్ళలోపు ఉబ్బసం అని పేరు పెట్టించుకున్నవాళ్ళలో. చిన్నప్పటినుంచీ ఉబ్బసంతో ఉన్నవాళ్ళలో ఆ తేడా చాలామటుకు కరిగిపోయింది. అంటే ఏమిటి? వాళ్ళలో కొందరికి అసలు ఉబ్బసమే కాదు. గడ్డ అప్పటికే ఉంది, దాన్ని ఉబ్బసం అనుకున్నారు. మా మామ లాంటివాళ్ళు అన్ని దేశాల్లోనూ ఉన్నారన్నమాట. ఆ లెక్క చదివిన రోజు నేను డ్యూటీలో సరిగా పనిచేయలేకపోయాను.

పూర్తిగా కొట్టిపారేయడం కూడా సరికాదు. ఏళ్ళ తరబడి గొట్టాల లోపల వాపు అలాగే ఉండిపోతే అది మంచిది కాదని డాక్టర్లు అనుమానిస్తున్నారు. 2023లో అమెరికాలో ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్ళు ఉబ్బసం ఉన్న దాదాపు 90 వేల మంది పెద్దవాళ్ళ రికార్డులు చూశారు. అన్నిరకాల క్యాన్సర్లూ కలిపి చూస్తే, పీల్చే స్టెరాయిడ్ మందు వాడేవాళ్ళలో కంటే వాడనివాళ్ళలోనే ఎక్కువ కనబడ్డాయి. ఆ మందే క్యాన్సర్‌ను ఆపిందని దీనితో రుజువైపోదు. కానీ ఆ మందు వల్ల క్యాన్సర్ వస్తుందని పంపు పారేసే అక్కలకు చెప్పడానికి ఇది చాలు.

పంపుల గురించి ఇంకో రెండు మాటలు. నీలం పంపు అప్పటికప్పుడు బిగువు వదిలించేది. గోధుమ, నారింజ, వంకాయరంగుల్లో వచ్చేవి ఎక్కువగా వాపు తగ్గించేవి, రోజూ వాడాల్సినవి. మనవాళ్ళు చేసే పొరపాటు ఏమంటే, వెంటనే పని చేస్తుంది కదా అని నీలందే కొనుక్కుంటారు. నీలం ఒక్కటే వాడుకుంటూ పోవద్దని ప్రపంచమంతా ఉబ్బసం డాక్టర్లు 2019 నుంచి చెబుతున్నారు. సంవత్సరంలో మూడు నీలం పంపులు దాటాయంటే మీ ఉబ్బసం అదుపులో లేదని అర్థం, ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం ఉంది. లేదా మామలాగా అది ఉబ్బసమే కాకపోవచ్చు. రెండింట్లో ఏదైనా డాక్టరు చూడాల్సిందే. స్టెరాయిడ్ పంపు పీల్చాక నీళ్ళు పుక్కిలించి ఊసేయండి, లేకపోతే నోరు పూస్తుంది. ఇక చేపమందు. నమ్మకం ఉన్నవాళ్ళతో నేను వాదించను, మా అమ్మ కూడా వేయించుకుంది. వేయించుకున్నాక పంపు మాత్రం ఆపొద్దు, అంతే. ఊరినుంచి పొట్లాల్లో వచ్చే పేరులేని దమ్ము మాత్రలు మాత్రం వద్దేవద్దు. వాటిలో ఏం కలుపుతారో కలిపినవాడికే తెలియాలి.

ఇప్పుడు మన పనుల సంగతి. సిగరెట్ గురించి తెలియనిది ఏమీ లేదు. బీడీ ఆకుది కదా, మెత్తన అనుకునేవాళ్ళకు చెప్తున్నా, బీడీ పొగలో తారు సిగరెట్ కంటే తక్కువేమీ కాదు, ఎక్కువే. షీషా నీళ్ళలోంచి వస్తుంది కాబట్టి కడిగినట్టు అవుతుందనుకుంటారు. నీళ్ళు పొగను చల్లబరుస్తాయి, శుభ్రం చేయవు. గంటసేపు కూర్చుంటే ఒక సిగరెట్ పొగకు వంద రెట్లకు పైగా పొగ లోపలికి పోతుంది. ఎనిమిది మంది పడుకునే రూములో ఇద్దరు తాగితే మిగతా ఆరుగురూ తాగినట్టే. పక్కవాడి పొగ వల్ల తాగనివాడికి ఊపిరితిత్తుల క్యాన్సర్ ప్రమాదం 20 నుంచి 30 శాతం పెరుగుతుంది. ఉబ్బసం ఉన్నవాడు ఆ రూములో ఉంటే చెప్పనక్కర్లేదు. తాగేది మాత్రం బయటికి పోయి తాగండి, ఎండగా ఉంటే మానేయండి, రెండువిధాలా లాభమే.

తర్వాత దుమ్ము. టైల్సు, గ్రానైటు, కాంక్రీటు కోసేటప్పుడు లేచే దుమ్ములో సిలికా ఉంటుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే దాన్ని క్యాన్సర్ కలిగించేవాటి మొదటి వరసలో పెట్టింది. డీజిల్ ఇంజను పొగను 2012లో అదే వరసలో చేర్చింది, వెల్డింగ్ పొగను 2017లో. ఇవే ఉబ్బసాన్ని కూడా రేపుతాయి. కంటికి కనబడే దుమ్ము ముక్కులోనే ఆగిపోతుంది. ఊపిరితిత్తుల అడుగుదాకా పోయేది కనబడని సన్నటి పొడి. మొహానికి గుత్రా చుట్టుకుంటే అది ఆగదు. నీళ్ళు పోస్తూ కోయండి, అన్నిటికంటే అదే మేలు. ముఖానికి బిగుతుగా కూర్చునే ఎన్95 మాస్కు అడగండి. గడ్డం ఉంటే అది సరిగా కూర్చోదు, పక్కలనుంచి గాలి పోతుంది. 2022 మే నెలలో దుమ్ము తుఫాన్లు వరసగా వచ్చి విమానాశ్రయం కూడా కాసేపు మూశారు, గుర్తుంది కదా. ఆ వారం మా వార్డు బయట వరండాలో కూడా నెబ్యులైజర్లు పెట్టాం. అలాంటి రోజు నీలం పంపు జేబులో లేకుండా బయటికి పోవద్దు. ఫోర్‌మన్ ఒప్పుకోవాలి కదా అని మీరు అడగబోతున్నారు, తెలుసు. నీళ్ళ పైపు పెట్టించడానికి ఒక్కరు అడిగితే ఒప్పుకోడు, పదిమంది అడిగితే వింటాడు. సంఘం ఉన్నది దానికే.

మనవాళ్ళు దగ్గును ఎందుకు దాచుకుంటారో నాకు తెలుసు. ఎక్స్‌రే అంటే భయం. కొత్తగా వచ్చినప్పుడు మెడికల్‌లో ఛాతీ ఎక్స్‌రే తీశారు, మచ్చ ఉంటే వెనక్కి పంపుతారని అప్పటినుంచీ గుండెలో ఉండిపోయింది. ఊర్లో అప్పు ఉంది, అకామా పోతే ఎట్లా? మామ కూడా అదే అన్నాడు. ఆ మెడికల్‌లో ముఖ్యంగా వెతికేది టీబీ, ఎందుకంటే అది అంటుతుంది. ఉబ్బసం అంటదు, క్యాన్సర్ అంటదు. టీబీ అయినా సరే, ఆరు నెలలు మందు మింగితే చాలావరకు నయమయ్యే జబ్బు. దాచుకుంటే రూములో అందరికీ పాకుతుంది. ఇంకొందరు "నాకు మెడికల్‌లో ఫిట్ వచ్చింది" అంటారు. ఎనిమిదేళ్ళ కింద వచ్చిన ఫిట్ అది. ఎనిమిదేళ్ళ కింద కొన్న చెప్పులు ఇంకా ఉన్నాయా?

ఏ దగ్గుకు పోవాలి? మూడు వారాలు దాటిన ఏ దగ్గైనా చూపించుకోవాలి. తెమడలో రక్తం ఒక్క చారైనా సరే, మరుసటి రోజుదాకా ఆగొద్దు. కారణం లేకుండా బరువు తగ్గడం, గొంతు బొంగురుపోయి తిరిగి రాకపోవడం, ఒకేపక్క ఛాతీలోనో భుజంలోనో నొప్పి, ఒకే ఊపిరితిత్తికి మళ్ళీ మళ్ళీ నిమ్ము రావడం, ఇవి ఉంటే ఎక్స్‌రే తీయమని మీరే అడగండి. నలభై దాటాక, పొగ తాగే మనిషికి జీవితంలో మొదటిసారి ఉబ్బసం వచ్చిందని ఎవరైనా అంటే, నాలాంటివాడు అన్నా సరే, నమ్మకండి. ఊదించి చూడమనండి. పాత ఉబ్బసం ఉన్నవాళ్ళకు కూత తీరు మారినా, అలవాటైన మందు పనిచేయకపోయినా అంతే. ఎక్స్‌రేలో అన్నీ కనబడవు, చిన్న గడ్డ దాక్కుంటుంది. అందుకే ఎక్స్‌రే బాగుందన్నాక కూడా దగ్గు అలాగే ఉంటే మళ్ళీ పోవాలి, స్కానింగు అడగాలి.

సెలవుకు ఊరికి పోయినప్పుడు చూపించుకుంటాం అనేవాళ్ళున్నారు. మంచిదే, కానీ సెలవు పది నెలల తర్వాత అయితే ఆగొద్దు. ఊర్లో హైదరాబాదువైపు వాళ్ళకు ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. ఉత్తరాంధ్రవాళ్ళకు విశాఖలో టాటావాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, మన సీమవాళ్ళకు తిరుపతి స్విమ్స్. ఇక్కడ తీసిన ఎక్స్‌రేలు, రిపోర్టులు పారేయకుండా తీసుకుపోండి. పాత ఎక్స్‌రే పక్కన పెట్టి చూస్తే డాక్టరుకు సగం పని అయిపోతుంది.

ఇందాక లోపలికి వస్తుంటే ఒక తమ్ముడు అడిగాడు, "అన్నా, ఇరవై ఏళ్ళు తాగినా, ఇప్పుడు మానేస్తే ఏం లాభం?" అని. లాభం ఉంది తమ్ముడూ. మానేసి పదేళ్ళయితే ఊపిరితిత్తుల క్యాన్సర్ ప్రమాదం తాగుతూ ఉన్నవాడితో పోలిస్తే దాదాపు సగానికి దిగుతుంది. పదేళ్ళదాకా ఎందుకు, ఉబ్బసం ఉన్నవాడు సిగరెట్ తాగితే స్టెరాయిడ్ పంపు సరిగా పనిచేయదు. మానేస్తే అదే మందు మళ్ళీ బాగా పట్టడం మొదలుపెడుతుంది. ఇంకొకామె అడిగింది, మా అమ్మకు ఉబ్బసం, నాకు వస్తుందా అని. రావచ్చు, రాకపోనూ వచ్చు, కుటుంబాల్లో నడిచే జబ్బే అది. కట్టెలపొయ్యి దగ్గర ఎన్నేళ్ళు వండిందో అమ్మను అడుగు చెల్లీ, ఊర్లో గ్యాస్ ఉండి కూడా సిలిండర్ ఖర్చని పొయ్యిమీదే వండుతుంటే ఇక్కడినుంచి పంపే డబ్బుల్లో మొదట దానికి పంపు.

అన్నట్టు కోనసీమ అక్క ఇప్పుడు బాగుంది. రెండు పంపులూ వాడుతోంది. బుఖూర్ వేసే రోజు మేడమే ఆమెను మేడమీదికి పంపేస్తుందంట. ఈరోజు రావాల్సింది, సెలవు దొరకలేదు.

బయట బల్లమీద నా దగ్గరున్న పీక్ ఫ్లో మీటర్ పెట్టాను, చిన్న గొట్టం, ఊదితే ముల్లు కదులుతుంది. మూతికి పెట్టుకునే అట్టముక్కలు ఎవరివి వాళ్ళకు కొత్తవి ఉన్నాయి. అది ఊదినంత మాత్రాన క్యాన్సర్ ఉందో లేదో తేలదు. కానీ ఊపిరి తక్కువగా ఉన్నవాళ్ళు దొరుకుతారు, వాళ్ళకు ఎక్కడికి పోవాలో రాసిస్తాను. అకామా, బతాకా ఏమీ అడగను, పేరు కూడా అక్కర్లేదు. డ్యూటీకి పోవాల్సిన అక్కలు ముందు రండి. టైల్సు, వెల్డింగు పనివాళ్ళు ఒక్కరు కూడా ఊదకుండా బిర్యానీ దగ్గరికి పోవద్దు, గరిటె పట్టుకున్న తమ్ముడికి చెప్పే వచ్చాను.